డ్రైవరు తాతయ్య మెచ్చిన ఒకే ఒక్క ఆట

మా తాతయ్య ఆడిన ప్రతి ఆటనూ తిట్టాడు. అలాగని ఆడటం మానేశాడా అంటే అదీ లేదు. కూర బాగోలేదంటూనే ఇంకో గరిటె వేయించుకునే రకం ఆయన.

ఆటలంటే మైదానంలో ఆడేవి కావు. టీవీకి తగిలించుకుని, రెండు చేతులతో జాయ్‌స్టిక్ పట్టుకుని ఆడే వీడియో గేములు. పదో తరగతిలో లెక్కలకూ నాకూ పడకపోవడంతో నేను చదువు అక్కడితో ఆపేసి, పాత ఫోన్లూ పాత గేమ్ డిస్కులూ కొని అమ్మే కొట్లో పనికి కుదిరాను. మూత పగిలిన గేమ్ పెట్టె ఒకటి ఎంతకీ అమ్ముడుపోకపోతే ఓనరు దాన్ని నాకిచ్చేశాడు. డిస్కులు మాత్రం రాత్రికి తీసుకెళ్ళి మర్నాడు తిరిగి తెచ్చెయ్యాలి. అలా మా ముందు గదిలోకి రాజులూ, దొంగలూ, దయ్యాలూ, ఫుట్‌బాల్ జట్లూ వచ్చిపోవడం మొదలైంది. వచ్చిన ప్రతివాడూ తాతయ్య నోట్లో పడి నలిగి వెనక్కి పోయేవాడు.

తాతయ్య సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యలేదని డిపో వాళ్ళు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. అది ఎప్పుడూ ఆలస్యంగానే నడుస్తుంది. "నా బస్సు ఇలా నడిచి ఉంటే జనం కొట్టేవాళ్ళు" అని దాన్ని కూడా తిడతాడు. రిటైరయ్యాక ఆయనకు దొరికిన కొత్త ఉద్యోగం ఏమిటంటే, పొద్దున్నే స్కూటరేసుకుని డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వెళ్ళడం. అక్కడ పాత స్టాఫంతా బెంచీల మీద కూర్చుని, గేటులోంచి బయటికొచ్చే బస్సుల్ని చూస్తూ ఈ కాలం డ్రైవర్లకు తిప్పడం చేతకాదని తీర్పులు చెప్పుకుంటారు. జీతం లేని ఉద్యోగమే అయినా ఒక్క రోజు సెలవు పెట్టేవాడు కాదు.

ఆ ఉద్యోగం కూడా ఊడింది. మొదట మా గేటు స్తంభానికి స్కూటరు గీసుకుంది. స్తంభమే ముందుకు వచ్చిందన్నాడు తాతయ్య. తర్వాత పక్కింటి పూలకుండీలు పోయాయి. రోడ్డు మీద కుండీలు పెట్టేవాళ్ళకు బుద్ధుండాలన్నాడు. ఆ తర్వాత సందు మొదట్లో ఇస్త్రీ బండికి తగిలి, ఎవరిదో తెల్ల చొక్కా మీద నిప్పులు పడ్డాయి. ఆ సాయంత్రం అమ్మ స్కూటరు తాళం తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అమ్మ బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర సూపర్‌వైజరు. ఒకసారి పక్కకు తీసేసిన రొట్టెను మళ్ళీ బెల్టు ఎక్కనివ్వదు.

"పోనీ, బస్సులో వెళ్ళు తాతయ్యా. డిపో దాకా మన వీధి చివరి నుంచే ఉంది కదా" అన్నాను నేను.

నా మొహం కేసి చూసి, "నేను నడిపిన రూటులో నేను టికెట్టు తీసుకుని వెనక కూర్చోవాలా? చదువు అబ్బలేదు సరే, మర్యాద కూడా అబ్బలేదేమే కోతీ?" అన్నాడు.

కోతి అంటే నేనే. ఆ ఇంట్లో నాకు ఇంకో పేరుందని ఆయనకు గుర్తున్నట్టు లేదు.

అలా ఇంట్లో పడ్డ మనిషి, మొదటి రోజు టీవీ కట్టెయ్యమని అరవడానికే ముందు గదిలోకి వచ్చాడు. అరవడం అయ్యాక కూర్చున్నాడు. కూర్చున్నాక, "వాడెందుకు అలా పరుగెడుతున్నాడు?" అన్నాడు. కాసేపటికి "ఇలా ఇవ్వు" అని జాయ్‌స్టిక్ లాక్కున్నాడు. మళ్ళీ నా చేతికి రాలేదు.

మొదట ఆడింది దొంగా పోలీసు గేము. ఊరంతా కార్లు దొంగిలించి నడుపుకోవచ్చు. లోకంలో అందరూ ఆ ఆటలో సిగ్నళ్ళు దాటేసి మనుషుల్ని గుద్దుకుంటూ పోతారు. మా తాతయ్య ఎర్రలైటు పడగానే ఆగాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఆయన కారు దిగి వాళ్ళకు బుద్ధి చెప్పడానికి వెళితే ఎవడో కాల్చి పారేశాడు.

"ఇంత పెద్ద ఊరు కట్టారు. ఒక్క బస్సు స్టాపు పెట్టలేదు. కారు లేనివాడు ఈ ఊళ్ళో ఎలా బతుకుతాడు?"

"అది దొంగల గేము తాతయ్యా."

"దొంగకి మాత్రం ముసలి తల్లి ఉండదా? ఆవిడ ఆస్పత్రికి ఎలా పోతుంది? బుర్ర లేని ఆట. తీసెయ్."

తర్వాతది కత్తి వీరుడి కథ. బొమ్మలు చూస్తే కళ్ళు తిరిగేంత అందంగా ఉంటాయి. కొనేవాళ్ళందరూ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. తాతయ్య రెండు సాయంత్రాలు ఓపిక పట్టాడు. "రాజ్యం తగలబడిపోతోందని వీడికి కబురు పెట్టారు. వీడేమో దారిలో కనిపించిన ప్రతి ముసల్దాని కోడినీ వెతికి పెడుతున్నాడు. అడిగినవాడికల్లా ఊఁ అంటాడు. వీడు వీరుడా, ఊరి నౌకరా? పైగా ఎంతసేపూ పరుగే. తలుపు దగ్గరకి పరుగు, మంచం దగ్గరకి పరుగు. కడుపులో ఏదో బాధ ఉన్నట్టుంది వెధవకి" అన్నాడు.

వ్యవసాయం గేము తెస్తే, పొద్దున వేసిన క్యారెట్టు సాయంత్రానికి చేతికొచ్చిందని తిట్టాడు. ఆవు పేడ వెయ్యడం లేదని కూడా తిట్టాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక పొలంలో కాలు పెట్టలేదన్న సంగతి గుర్తుచేస్తే, "బస్సు కిటికీలోంచి చూడలేదనుకున్నావా?" అన్నాడు. ఫుట్‌బాల్ గేములో ఆటగాళ్ళ జోలికి వెళ్ళలేదు కానీ, వెనక నుంచి మాట్లాడే వ్యాఖ్యాతను మాత్రం వదల్లేదు. "బంతి బయటికి పోయినా అద్భుతం, లోపలికి పోయినా అద్భుతం. వీడికి మా డిపో క్యాంటీన్ టీ పోస్తే అద్భుతమంటే ఏమిటో తెలిసొచ్చేది."

దయ్యాల గేము మాత్రం ఆయనకు నిజంగా కోపం తెప్పించింది. చచ్చినవాళ్ళు లేచొచ్చి మీద పడే ఆట అది.

"చచ్చాక కూడా ఇంత ఓపికేమిటి వీళ్ళకి? సరే, రండి. వచ్చేవాళ్ళు మొహం చూపించి రండి. ఎప్పుడు చూసినా ఎడమ పక్క నుంచి దొంగల్లా వచ్చి పడతారేం? చేతకాని వెధవలు. భయపెట్టడం రాక మోసం చేస్తున్నారు."

కార్ల పందెం గేములోనూ అదే ఫిర్యాదు. హారన్ కొట్టకుండా ఎడమ పక్క నుంచి గీసుకుంటూ పోతున్నారట. పందెంలో హారన్ కొట్టరని నేను చెబితే, అందుకే అది పందెం కాదు, పశువుల సంత అన్నాడు.

ఆయన ఆడే తీరు కూడా చూడాల్సిందే. మొదలుపెట్టే ముందు కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, దాని కాళ్ళను చెప్పుతో తట్టి చూస్తాడు. బస్సు టైర్లను అలాగే తట్టేవాడట. తర్వాత కుర్చీని టీవీకి ఎదురుగా కాకుండా ఓరగా వేసుకుంటాడు. మొహం ఎడమకు తిప్పి, కంటి చివర నుంచి తెరను చూస్తాడు. వాకిట్లోకి అప్పు అడగడానికి వచ్చినవాడిని చూసే మనిషికి కూడా అంత చులకన ఉండదు. ఈ మధ్య అన్నం కంచాన్నీ, పేపరునూ, నన్నూ అలాగే చూస్తున్నాడు. "రిటైరయ్యాక నాన్నకి పొగరు మెడలోకి దిగింది" అని అమ్మ అంటే, నేను కూడా నవ్వాను.

ఈ తీర్పులన్నీ నేను మర్నాడు కొట్లో ఒప్పజెప్పేదాన్ని. కొన్నాళ్ళకు వచ్చేవాళ్ళు డిస్కు చేతిలోకి తీసుకోగానే, "దీన్ని మీ తాత ఏమన్నాడు?" అని అడగడం అలవాటైంది. ఆయన బాగా తిట్టినవే ముందు అమ్ముడుపోయేవి. ఓనరుకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఒకరోజు మాత్రం దయ్యాల డిస్కు తుడుస్తూ అడిగాడు.

"మీ తాతకి ఎడమ పక్కతో ఏమైనా గొడవుందా? ఈ గేము నేనూ ఆడాను. నాకు నాలుగు వైపుల నుంచీ వచ్చాయవి."

"ఆయనకి కుడి పక్కతోనూ పడదు సార్. మా అమ్మనడగండి" అన్నాను. అలా నవ్వేసి ఊరుకున్నాను. నాది అంత చురుకైన బుర్ర.

ఆ తర్వాత కొట్లోకి బస్సు గేము వచ్చింది. అచ్చంగా సిటీ బస్సు నడపడమే ఆట. స్టాపులున్నాయి, సిగ్నళ్ళున్నాయి, అద్దాలున్నాయి, ఎక్కే జనం ఉన్నారు. ఈ ఒక్కటీ నచ్చి తీరుతుందని, గిన్నెలో పాలు పోసి పిల్లి ముందు పెట్టినట్టు తెచ్చి ముందు పెట్టాను.

అన్నింటికంటే ఎక్కువ తిట్టింది దాన్నే.

"ఇదేం జనమే? ఒక్కడూ తోసుకోడు, ఒక్కడూ వేలాడడు, స్టాపు దాటాక ఆపమని అరిచేవాడు ఒక్కడూ లేడు. తలుపు దానంతటదే మూసుకుంటోంది. కండక్టరు ఏడీ? కండక్టరు లేకుండా బస్సేమిటి, తాళిబొట్టు లేని పెళ్ళిలాగా? ఇంజను ఏదో మిక్సీలా మోగుతోంది. ఎవడో జన్మలో బస్సెక్కనివాడు, కార్లో తిరిగేవాడు చేశాడు దీన్ని."

అంతలో బస్సు ఎడమ పక్కనున్న దీపస్తంభానికి కొట్టుకుంది. తాతయ్య చెవులదాకా ఎర్రబడ్డాడు.

"బస్సు పొడుగు తప్పు పెట్టారు. అంత పొడుగుండదు."

ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చెప్పులు విప్పుతూ, "బొమ్మ బస్సునే స్తంభానికి కొట్టావు. నీకు స్కూటరు ఎలా ఇమ్మంటావు నాన్నా?" అంది.

"బొమ్మది కాబట్టే కొట్టుకుంది. నిజందైతే నా మాట వినేది."

"నిజం స్కూటరు విన్నదిగా, ఇస్త్రీ బండి దగ్గర."

తాతయ్య మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం మా ఇంట్లో కరెంటు పోవడం లాంటిది, అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. అమ్మకే ఏమనిపించిందో, కాస్త మెత్తబడింది.

"సరే. ఆ బస్సుని మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా దేనికీ తగలకుండా ఒక్క ట్రిప్పు తీసుకెళ్ళు. నా కళ్ళ ముందు. తాళం నీకిచ్చేస్తాను, మళ్ళీ అడగను."

"మాట మీద నిలబడతావా?"

"నీ కూతుర్నే కదా."

ఇక చూడాలి. ఓనరును బతిమాలి ఆ డిస్కు కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచాను. గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని రోజంతా అదే ట్రిప్పు. నేను పనికి పోయేటప్పుడు మొదటి స్టాపులో ఉండేవాడు, వచ్చేటప్పుడు మళ్ళీ మొదటి స్టాపులోనే ఉండేవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. సైకిలువాడో, చెత్తకుండీయో, స్టాపు గట్టో. అన్నీ ఎడమ పక్కే. ఆయన తిట్లు కూడా పలచబడ్డాయి. తాతయ్యకు తిట్టే ఓపిక తగ్గిందంటే అసలు సంగతి వేరని నాకు తెలుసు. టీ కొట్టు బెంచీ మీద ఆయన చోటులో ఇప్పుడెవరు కూర్చుంటున్నారోనని ఆయనకు బెంగ. పైకి మాత్రం, "ఆ దండగ బెంచీ ఎవడిక్కావాలి?" అనేవాడు.

శనివారం సాయంత్రం ఫోను తీసి ఎవరికో చేశాడు. "ఒరేయ్, రేపు పొద్దున డ్యూటీ ఉంది. మా ఇంటికి రా" అని పెట్టేశాడు.

వచ్చింది కండక్టర్ తాత. మా తాతయ్య బస్సులో ఎక్కువ కాలం పనిచేసింది ఆయనే. బక్కపలచని మనిషి, జేబులో ఇప్పటికీ విజిల్ ఉంటుంది. సంగతంతా విని, మా అమ్మకు నమస్కారం పెట్టి, "పరీక్ష మంచిదేనమ్మా. కాకపోతే కండక్టరు లేకుండా బస్సు కదలకూడదు. రూల్సులో ఉంది" అన్నాడు.

"ఆ గేములో కండక్టరు లేడు కదా" అన్నాను.

"అందుకే కదమ్మా గుద్దేస్తోంది."

అమ్మ నవ్వి సరేనంది. కండక్టర్ తాత స్టూలు తెచ్చుకుని తాతయ్య పక్కన, కుర్చీకి ఎడమ వైపున కూర్చున్నాడు. తాతయ్య కుర్చీ కాళ్ళు తట్టి చూశాడు. విజిల్ మోగింది. బస్సు కదిలింది.

నేను ఆ రోజు దాకా తాతయ్య డ్రైవింగు చూడలేదన్నమాట. ఆయన తెరను చూస్తున్నాడు, ఈయన దారి చెబుతున్నాడు. గొంతు పెంచకుండా, పక్కవాడితో కబుర్లు చెబుతున్నట్టు.

"ఎడమ పక్క సైకిలు. నిదానం. పోయాడు, పోనీ. గట్టు దగ్గరకొచ్చింది, కాస్త కుడికి. ఊఁ. ముసలావిడ ఎక్కుతోంది, ఆగు. ఎక్కింది, పోనీ."

"అది ముసలావిడ కాదురా, టోపీ పెట్టుకున్న కుర్రాడు."

"నీ బస్సెక్కితే వాడే ముసలావిడవుతాడు, పోనీ."

దారిలో స్టాపులన్నీ దాటిపోయాయి. దీపస్తంభం కూడా దాటింది, జానెడు దూరంలో. చివరి స్టాపులో బస్సు ఆగి, తెర మీద రంగుకాగితాలు రాలాయి. తాతయ్య జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆ కాలరు సర్దుకోవడంలో డిపో మేనేజరు దగ్గర్నుంచి మా అమ్మ దాకా అందరికీ జవాబుంది.

అమ్మ మాట మీద నిలబడింది. హ్యాండ్‌బ్యాగు తెరిచి స్కూటరు తాళం తీసి, తాతయ్య ముందున్న టీపాయ్ మీద టీ కప్పు పక్కన పెట్టింది. "తీసుకో నాన్నా. మెల్లిగా నడుపు" అంది.

తాతయ్య టీపాయ్ కేసి చూశాడు. చెయ్యి చాపి కప్పు తీసుకున్నాడు, ఒక గుక్క తాగాడు, మళ్ళీ పెట్టాడు. అమ్మ కేసి చూశాడు.

"ఏదీ?"

"ఏమిటి?"

"తాళం. మాట తప్పుతున్నావా?"

వెటకారం చేస్తున్నాడని నేను నవ్వబోయాను. ఆయన మొహంలో వెటకారం లేదు. తాళం కప్పుకు ఎడమ పక్కన, ఎర్ర దారంతో సహా, ఆయన చేతికి బెత్తెడు దూరంలో ఉంది.

కండక్టర్ తాత మెల్లిగా, బస్సులో చెప్పినట్టే చెప్పాడు. "ఎడమ పక్క, గురూ. కప్పు పక్కన."

తాతయ్య తల పూర్తిగా తిప్పాడు. తాళం కనిపించింది. దాన్ని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత టీవీ కేసి, ఇంకా రాలుతున్న రంగుకాగితాల కేసి చూశాడు.

"బస్సు పొడుగు సరిగ్గానే పెట్టారు" అన్నాడు.

ఇన్ని ఆటల్లో ఆయన మాట వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి. తాళం ముట్టుకోలేదు. "నీ దగ్గరే ఉంచు" అని అమ్మతో చెప్పి, కండక్టర్ తాతను, "నీకు తెలుసా?" అని అడిగాడు.

"టీ కొట్టులో గ్లాసు ఎడమ పక్క పెడితే నువ్వు ఇంకోటి అడిగేవాడివి. తిక్క అనుకున్నాను. నీకు తిక్క కొత్త కాదుగా. ఇవాళ స్టూలు మీద కూర్చున్నాక అర్థమైంది. ట్రిప్పు మధ్యలో దిగిపొమ్మంటావా నన్ను?"

తాతయ్య స్నేహితుడి జేబులోంచి విజిల్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆ జేబులోనే పెట్టాడు.

కళ్ళాస్పత్రికి నేనూ అమ్మా తీసుకెళ్ళాం. అక్కడ చీకటి గదిలో ఒక మిషను ఉంది. గడ్డం ఒక గట్టు మీద ఆనించి, ఒక కన్ను మూసి, తెల్లటి గిన్నె లాంటి దాంట్లోకి చూడాలి. మధ్యలో వెలిగే చుక్క మీంచి చూపు కదపకూడదు. చుట్టూ ఎక్కడ మినుకుమని లైటు వెలిగినా చేతిలో ఉన్న బటను నొక్కాలి. తాతయ్య కూర్చునే ముందు అలవాటుగా స్టూలు కాళ్ళు తట్టి చూశాడు. నర్సమ్మ కోప్పడింది. నేను పక్కన నిలబడి చూశాను. బటను టకటకా నొక్కేవాడు. మధ్యలో అలా ఆగిపోయేవాడు. ఎంతసేపైనా బొటనవేలు కదిలేది కాదు. లైట్లు వెలుగుతున్నాయని మిషను చప్పుడు చెబుతూనే ఉండేది.

నీటికాసులన్నారు డాక్టరు గారు. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, చెప్పా పెట్టకుండా చూపును అంచుల నుంచి తినేస్తుందట. ఎడమ కన్ను చాలావరకు పోయింది. కుడి కంట్లోనూ ముక్కు వైపు, అంటే ఎడమ పక్క, చూపు పోయింది. పోయింది రాదు, ఉన్నది చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు, బండి మాత్రం నడపకూడదు అన్నారు. తాతయ్య మర్యాదగా విన్నాడు. డ్రైవర్లు డాక్టర్ల మాటను, కండక్టరు చెప్పే స్టాపు పేరు విన్నట్టు వింటారు, ఆగమంటే ఆగడమే.

బయట వరండాలో కూర్చున్నాక, ఊరుకోలేక అడిగాను. "ఆ మిషను గేము ఎలా ఉంది తాతయ్యా? రేపు కొట్లో అడుగుతారు."

అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. తాతయ్య మాత్రం మొహం ఎడమకు తిప్పి కాసేపు ఆలోచించాడు.

"బొమ్మల్లేవు. కథ లేదు. మ్యూజిక్కు లేదు. గెలిచినా రంగుకాగితాలు రాల్చరు. గడ్డం నొప్పి." కాస్త ఆగాడు. "కానీ అందులో మోసం లేదే. చూస్తే చూశావంటుంది, చూడకపోతే చూడలేదంటుంది. మిగతా చెత్తంతా కలిపినా దాని కాలిగోటికి సరిపోదు."

"అయితే బాగుందని చెప్పనా?"

"ఓడిపోయినా బాగుందన్నాడని చెప్పు."

కొట్లో చెప్పాను. ఆ గేము దొరుకుతుందా అని అడిగారు కొందరు. లేదు, దానికి టికెట్టు కావాలంటే ఆస్పత్రికి పోవాలన్నాను.

ఇప్పుడు స్కూటరు తాళం నా దగ్గరుంది. పనికి పోయే ముందు తాతయ్యను వెనక కూర్చోబెట్టుకుని డిపో ఎదుట దింపుతాను. దారి పొడుగునా ఆయన లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉంటాడు. గేరు మారిస్తే నిట్టూరుస్తాడు, మార్చకపోతే దగ్గుతాడు. నాకంటే ఆ కత్తి వీరుడే నయమన్నాడు ఒకరోజు, వాడు కనీసం కోడినైనా వెతికిపెట్టాడు.

మొదటి రోజు టీ కొట్టు దగ్గర ఆగగానే బెంచీ మీదున్నవాళ్ళలో ఎవరో, "ఏం గురూ, వెనక సీట్లో వచ్చావేమిటి?" అన్నారు.

"కొత్త డ్రైవరుకి ట్రైనింగు ఇస్తున్నాను. ఫెయిలయ్యేలా ఉంది" అని ఆయన తన చోటులో కూర్చున్నాడు. కండక్టర్ తాత లేచి వచ్చి ఎడమ పక్కకు మారి కూర్చున్నాడు. టీ గ్లాసు తనే అందుకుని ఆయన కుడి చేతిలో పెట్టాడు.

నేను స్కూటరు తిప్పుకుంటున్నాను. అప్పుడే డిపో గేటులోంచి ఒక బస్సు ఎడమ పక్క నుంచి తిరుగుతూ బయటికొచ్చింది.

"ఎడమ పక్క. చూడు వాడి తిప్పుడు" అన్నాడు కండక్టర్ తాత.

తాతయ్య తల పూర్తిగా తిప్పి, తీరిగ్గా, ఆ బస్సు మలుపు దాటేదాకా చూశాడు.

"దరిద్రం" అన్నాడు తృప్తిగా.